నూక చారు

కొత్తకోటలో మా ఇంటికి పదడుగుల దూరంలో ఒక బావి ఉండేది. నడి ఎండాకాలంలో కూడా చేదకు నీళ్లు అందేవి. అయినా ఆ బావిని మెచ్చుకున్నవాళ్లను నేను చూడలేదు. దాని మీద ఒక్కటే నేరం: ఆ నీళ్లలో పప్పు ఉడకదు. సబ్బు రుద్దితే నురగ రాదు. ఎసట్లో కందిపప్పు పోస్తే, మోపెడు కట్టెలు బూడిదైనా బద్ద బద్దలాగే తేలుతుంటుంది. "ఉప్పునీళ్ల బాయి" అని దానికి పేరు. బర్రెలు తాగడానికి, వాకిట్లో సాన్పి చల్లడానికి ఆ నీళ్లు. పప్పుకు మాత్రం బెంగళూరు రోడ్డు దాటి, చింతచెట్ల కింద ఉన్న మంచినీళ్ల బాయికి పోవాలి.

ఆ పని నాది. 1977 ప్రాంతం, నేను నాలుగో తరగతి. చేతిలో చిన్న సత్తుబిందె. ఇప్పుడు నలభై నాలుగో నంబరు అంటున్న రహదారి అప్పుడు ఏడో నంబరు. హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా బెంగళూరు పోయే లారీలన్నీ మా ఊరి నడుమ నుంచే దుమ్ము లేపుకుంటూ పోయేవి. నేను గడప దాటేటప్పుడు అవ్వ ప్రతిసారీ అదే మాట అనేది.

"ఒక లారీ పోయిందని ఉరకకు బిడ్డా, దాని ఎనక ఇంగోటి ఉంటది. పప్పు ఉడకకుంటె పచ్చిపులుసు చేసుకుంటం. నువ్వు పోతె యాడ తేవాలె?"

నీళ్లలో సున్నపు లక్షణం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే అవి గింజ కణాలను అంటిపెట్టుకున్న జిగురును ఇంకా బిగిస్తాయని, అందుకే గింజ మెత్తబడదని చాలా ఏళ్లకు చదువుకున్నాను. అవ్వకు ఆ పేర్లు తెలియవు. కొత్త ఊరికి పోయినా, చుట్టాలింటికి పోయినా ఆమె అడిగే మొదటి మాట మాత్రం ఒక్కటే: "మీ నీళ్లల్ల పప్పు ఉడుకుతదా?" పిల్లనిచ్చే ముందు కూడా ఆ సంగతి కనుక్కునేది.

మాకు మూడెకరాల ఎర్ర చెలక. ఊరికి దగ్గర్లోనే సరళాసాగర్ ఉంది. వనపర్తి రాజా రామేశ్వరరావు తల్లి పేరు మీద కట్టించిన జలాశయం అది, 1959లో పూర్తయింది. గేట్లు ఎత్తే మనిషితో పని లేకుండా, నీళ్లు నిండగానే సైఫన్లు వాటంతటవే అందుకుని బయటికి చిమ్ముతాయి. వానాకాలంలో ఆ చప్పుడు వినడానికి జనం బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. మేమూ పోయి చూసొచ్చేవాళ్లం. కానీ ఆ నీళ్లకు మా చెలక మిట్ట. మాకు ఆకాశమే కాలువ. మిరుగు వానకు జొన్న విత్తి, నాలుగైదు సాళ్లకు ఒక సాలు కంది వేసేవాళ్లు. ముందు జొన్న చేతికొచ్చేది. జొన్న కోసుకున్నాక, అప్పటిదాకా దాని నీడన అణిగిమణిగి ఉన్న కంది ఒక్కసారిగా గుబురెక్కి పసుపు పూలు పూసేది. వేరు లోతుగా దిగుతుంది కనుక వానలు వెనక్కి తగ్గినా మంచుకే కాయ పట్టుకుంటుంది. "జొన్న చెప్పి పండుతది, కంది చెప్పక పండుతది" అనేవాడు తాత.

సంక్రాంతికి అటూ ఇటూ కంది కోత. పచ్చికాయ ఉన్నన్నాళ్లు ఉప్పేసి ఉడకబెట్టుకుని, బడికి పోతూ జేబుల్లో పోసుకుని తినేవాళ్లం. కోసిన మోపులు కల్లంలో ఎండేసి, కట్టెలతో కొట్టి, గాలికి తూర్పార పట్టి గింజ ఇంటికి తెచ్చేవాళ్లు. కట్టె పొయ్యిలోకి. రెమ్మలు పొరకలకు. పొట్టు, ఆకు బర్రెలకు. ఆ చెట్టులో పారేసేదంటూ ఏమీ ఉండేది కాదు. కొంత గింజ విత్తనానికి, కొంత అమ్మకానికి పోగా, మిగిలింది పప్పు చేసుకోవడానికి వేపాకు కలిపి కాగుల్లో పోసేవాళ్లు.

శివరాత్రి పోయి ఎండలు ముదిరాక పప్పు పని మొదలయ్యేది. కందులను నానబోసి, ఎర్రమన్ను ముద్దగా కలిపి గింజకు పట్టించి, ఒక రాత్రంతా గోనెసంచి కప్పి కుప్పగా ఉంచేవాళ్లు. తెల్లారి మిద్దె మీద ఎండబోస్తే రెండు మూడు దినాలు అట్లనే ఉండేవి. గింజకూ పొట్టుకూ నడుమ పల్చటి బంక ఉంటుంది. నీళ్లు తాగి ఉబ్బిన గింజ మళ్లీ ఎండకు ముడుచుకునేటప్పుడు ఆ బంక పట్టు విడుస్తుంది, పొట్టు ఒక పక్క, పప్పు ఒక పక్క అవుతుంది. ఎండినాక మన్ను జల్లెడ పట్టి తీసేస్తే గింజలన్నీ పెండ్లిపిల్లల్లాగ ఎర్రగా మెరిసేవి. కాకులను కొట్టడానికి మిద్దె మీద నన్ను కూర్చోబెట్టేవాళ్లు. కాకులు కందుల జోలికి వచ్చినట్టు నాకు గుర్తు లేదు. నన్ను ఎండలో తిరగకుండా ఒకచోట కట్టేయడానికే ఆ కాకుల కథ అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇక ఇసుర్రాయి. వసారాలో మూలకు ఉండేది. కింది రాయి నడుమ ఇనుప సీల, పైరాయికి కొయ్య పిడి. పిండి విసిరేటప్పుడు రెండు రాళ్లూ ఒకదానికొకటి ఆనాలి. పప్పుకు అట్ల ఆనితే గింజ నుగ్గయిపోతుంది. అందుకని సీలకు గుడ్డపీలిక చుట్టి పైరాయిని వెంట్రుకవాసి లేపేవాళ్లు. ఎన్ని చుట్లు చుట్టాలో అవ్వ చేతికే తెలుసు. చుట్టు తక్కువైతే నూక, ఎక్కువైతే గింజ గింజలాగే బయటికి దొర్లిపోతుంది.

విసరడం ఇద్దరి పని. ఎదురెదురుగా కూర్చుని, పిడి మీద ఇద్దరి చేతులూ వేసి తిప్పాలి. అవ్వకు జోడు మా పక్కింటి పెద్దమ్మ. వాళ్లది మగ్గాల ఇల్లు. నూలు ఒడలు, పట్టు అంచులు ఉన్న చీరలు నేసేవాళ్లు. పొద్దున లేస్తే ఆ ఇంటి నుంచి మగ్గం చప్పుడు వినిపించేది. దాన్ని బట్టి టైము చెప్పొచ్చు, ఇంట్లో జగడమైందా లేదా కూడా చెప్పొచ్చు. పెద్దమ్మ మా అవ్వను "అత్తా" అనేది. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒక్కటే. ఇసుర్రాయి పనికి వచ్చినామెకు కూలి పైసల్లో కాదు, నూకలో. అది ఊరి కట్టుబాటు. ఆ పొద్దు పడిన నూకలో మూడో పాలు ఆమెది.

విసిరాక చాటలో చెరిగితే మూడు కుప్పలయ్యేవి. నిండు బద్దలు ఒక కుప్ప. వాటిని గుడ్డతో తుడిచి, ఆముదం చేత్తో కొంచెం పట్టించి, జాడీల్లో పెట్టేవాళ్లు. అవి పండుగకు, చుట్టాలకు, అత్తగారింట్లో ఉన్న మా మేనత్తకు పంపడానికి, చేతిలో పైసలు లేనప్పుడు అంగట్లో అమ్మడానికి. రెండో కుప్ప పొట్టు, బర్రెది. నడుమది నూక. అది మాది.

అంటే మా చిన్నతనమంతా మేం తిన్నది నిండు పప్పు కాదు. పప్పు మా ఇంట్లో పండేది, మా కళ్ల ముందే తయారయ్యేది, జాడీలో కూర్చునేది. మా కంచంలోకి వచ్చేది దాని తునకలు. దానికి నాకు ఎంత కోపముండేదో! సంకురాత్రినాడు తప్ప బద్ద కనబడదా అని ఒకసారి అవ్వను అడిగితే, ఆమె పప్పుగుత్తి ఆపకుండానే అన్నది:

"బద్ద సూపుకు, నూక నోటికి. తిని చెప్పు."

తిని చెప్పగలను, యాభై ఏళ్లకు కూడా. అవ్వ చారు చేసే తీరు ఇట్లా ఉండేది. కట్టెలపొయ్యి మీద మట్టికుండ. మంచినీళ్ల బాయి నీళ్లు. ఎసరు మరిగాక కడిగిన నూక పోసి, చిటికెడు పసుపు, ఒక చుక్క ఆముదం. ఆముదం వేస్తే నురగ పొంగి పొయ్యిలో పడదు, పప్పు తొందరగా మెదుగుతుంది. కందికట్టె మంట నెమ్మదిగా పెట్టేది. అర్ధగంటకు నూకలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కుండలో నీళ్లు పోయి పాలు వచ్చినట్టయ్యేది. అప్పుడు పప్పుగుత్తి. రెండు అరచేతుల నడుమ పెట్టి, మజ్జిగ చిలికినట్టు తిప్పేది. పప్పు మెత్తబడే దాకా చింతపండు దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. పులుపు ముందు తగిలితే గింజ బిగుసుకుంటుంది, ఇక ఎంత మండినా దిగదు. "పులుపు ఆఖర్ల రావాలె, కోడలు లెక్క" అనేది, మా అమ్మ వినేటట్టు.

ఆ తర్వాత చింతపండు పులుసు, చీల్చిన పచ్చిమిరపకాయలు, పెద్దపెద్దగా కోసిన ఉల్లిగడ్డ, దొరికితే సొరకాయో మునక్కాడో. ఉప్పు. అన్నీ కలిసి ఒక ఉడుకు ఉడికాక పోపు. ఇనుప గంటెలో పల్లినూనె కాగబెట్టి, ఆవాలు, జిలకర, ఎండుమిరపకాయ, దంచిన ఎల్లిగడ్డ, కల్యామాకు వేసి, గంటెను గంటెలాగే కుండలో ముంచేది. ఆ చుయ్ మన్న చప్పుడుకు బయట గోలీలాడుతున్న పిల్లలమంతా ఎవరింటికి వాళ్లం ఉరికేవాళ్లం.

చారు సరిగ్గా కుదిరిందా లేదా చూడటానికి అవ్వకు ఒక పరీక్ష ఉండేది. జొన్నరొట్టె మీద గంటెడు పోస్తే అది రొట్టె దాటి కంచంలోకి పారకూడదు. నిలబడాలి. నిలబడి, మెల్లగా రొట్టెలోకి ఇంకాలి. నిండు బద్దలతో చేసినప్పుడు, అంటే పండుగనాడు, ఆ చారు ఎంత చిలికినా పైన తేట, కింద ముద్ద. నూక చారు అట్ల విడిపోయేది కాదు. విరిగిన గింజకు అంచులెక్కువ. అన్ని వైపుల నుంచీ నీళ్లు తాగుతుంది, ఉన్నదంతా నీళ్లకే ఇచ్చేస్తుంది. రాత్రి మిగిలిన చారు పొద్దునకు గడ్డపెరుగు లాగ అయ్యేది. సద్దిరొట్టె తుంచి దాంట్లో నానేసి తిని బడికి పోతే పగటికి ఆకలి తెలిసేది కాదు. జొన్నలో కొదవగా ఉండే లైసిన్ అనే పదార్థం పప్పులో దండిగా ఉంటుందని, రెండూ కలిస్తేనే ఒంటికి పట్టే మాంసకృత్తులవుతాయని పోషకాహార శాస్త్రం చెబుతుంది. మా చెలకలో ఆ రెండూ పక్కపక్క సాళ్లలోనే ఉండేవి.

చారు చిక్కదనమే మా ఇంటి పంచాంగం. వానలు కురిసిన ఏడు రొట్టె మీద నిలబడేది. వానలు తప్పిన ఏడు రొట్టె దాటి, కంచం దాటి, కొన్నిసార్లు ఇల్లు కూడా దాటేది. ఒక ఏడు మా నాయిన గుంపుమేస్త్రీ వెంట, అప్పుడు కడుతున్న శ్రీశైలం డ్యామ్ పనికి పోయాడు. మా వాడకట్టులో సగం మంది మగవాళ్లు అక్కడో, ఇంకో డ్యామ్ దగ్గరో ఉండేవాళ్లు. ఆ రోజుల్లో అవ్వ చారులో జొన్నపిండి కలిపి చిక్కబరిచేది. కంటికి అదే చిక్కదనం. నాలుక మాత్రం పట్టేసేది. ఎవరమూ ఏమీ అనేవాళ్లం కాదు.

ఆ ఏడే నేనొకటి చూశాను.

పెద్దమ్మ ఇంట్లో మగ్గం ఆగిపోయింది. నూలు ధర పెరిగిందో, నేసిన చీరలు కొనేవాళ్లు లేరో, చిన్నవాణ్ణి నాకు తెలియదు. పొద్దున లేస్తే గోడ అవతల చప్పుడు లేదు, అంతే తెలుసు. పెద్దమ్మ ఒకరి దగ్గర చేయి చాచే మనిషి కాదు. అమ్మ ఒకసారి సోలెడు జొన్నలు కొంగుచాటున తీసుకుపోతే, "మొన్ననే తెచ్చుకున్నం ఒదినె" అని నవ్వుతూ వెనక్కి పంపింది. వాళ్ల పొయ్యిలోంచి పొగ రాలేదని అమ్మకు తెలుసు, అమ్మకు తెలుసని పెద్దమ్మకూ తెలుసు.

పప్పు పని వచ్చింది. అవ్వ నన్ను పంపి ఆమెను పిలిపించింది. ఆమె వచ్చేలోపల అవ్వ ఇసుర్రాయి ముందు కూర్చుని పైరాయి లేపింది. సీలకు చుట్టి ఉన్న పీలికను ఒక చుట్టు విప్పింది. కొంచెం ఆలోచించి ఇంకో చుట్టు విప్పింది. విప్పిన ముక్కను కొంగుకు ముడేసుకుని, పైరాయి దించి, ఏమీ తెలియనట్టు చాట అందుకుంది. నేను స్తంభం పక్కనే ఉన్నాను. ఆమె నన్ను చూసిందో లేదో చెప్పలేను.

ఆ పొద్దు రాయి చప్పుడే వేరు. గరగరమని, పళ్లు కొరికినట్టు. ఇద్దరూ ఏవో పాటలు పాడుకుంటూనే తిప్పారు. సాయంత్రం చెరిగితే నడిమి కుప్ప ఎన్నడూ లేనంత పెద్దదైంది. బద్దల కుప్ప అందులో సగం లేదు. పెద్దమ్మ తన మూడో పాలు చాటలో ఎత్తుకుని పోయింది. తాత వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఏందే ఇది? ఇన్ని నూకలైతె అంగట్ల ఏం అమ్మాలె? రాయి గిన పాడైందా?"

"రాయికేమైంది? కందులే గట్లున్నయి. వానల్లేని పంట" అన్నది అవ్వ.

ఆ ఏడు మా మేనత్తకు పప్పు పోలేదు. ఉగాదికి బచ్చాలు కూడా నూకతోనే చేశారు. పూర్ణం జారిపోయి, ఒక్కటీ గుండ్రంగా రాలేదు. రాత్రి పక్కలో అవ్వను అడిగాను, పీలిక ఎందుకు విప్పినవని. కొంచెంసేపు పలకలేదు. "పాతదైంది బిడ్డా. చుట్లు జారుతున్నయి. పండుకో" అన్నది. ఇక అడగలేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. గోడ అవతల మగ్గం మళ్లీ కదిలింది. పప్పు పనికి పిలవకముందే పెద్దమ్మ తనే వచ్చింది. చేతిలో జానెడు గుడ్డముక్క. చీర అంచు కోసిన ముక్క, దగ్గరగా నేసిన పట్టు, ముదురు ఎరుపు. అవ్వ చేతిలో పెట్టి అన్నది:

"సీలకు ఇది చుట్టు అత్తా. గట్టిగ ఉంటది. జారదు."

అవ్వ ఆమె ముఖంలోకి చూసింది. ఇద్దరిలో ఎవరూ ఇంకో మాట అనలేదు. ఆ ఏడు బద్దలు చక్కగా పడ్డాయి.

ఆ తర్వాత కథ అందరిళ్లలోదే. పప్పు మిల్లులొచ్చాయి, కందులిచ్చి పప్పు తెచ్చుకోవడం మొదలైంది. కుక్కరొచ్చింది. మూడు కూతల్లో పని అయిపోతుంటే మంచినీళ్ల బాయికి పోయేవాడెవడు? అది పూడిపోయింది. 2016లో మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వనపర్తి జిల్లాలోకి వచ్చింది. రోడ్డు వెడల్పయింది, లారీలు ఇప్పుడు ఊరి మీద దుమ్ము పోయకుండానే పోతున్నాయి. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇసుర్రాయి పెరట్లో తులసికోట పక్కన ఉంది, పైరాయి మీద కోడళ్లు బట్టల సబ్బు పెడుతున్నారు.

నేను హైదరాబాదులో స్థిరపడ్డాను. మేలురకం కందిపప్పు కొంటాను. ఈ మధ్య పేరు తెచ్చుకున్న తాండూరు పప్పు కూడా తెచ్చి చూశాను, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచి పప్పే, బద్ద బద్దకూ బంగారు మెరుపు. కానీ నా చారు రొట్టె దాటి పారుతూనే ఉంది. మిక్సీలో తిప్పితే నిలబడుతుంది గానీ అది చిక్కదనం కాదు, పిండిదనం.

మా అమ్మాయి స్వీడన్‌లో చదువుకుంటోంది. అక్కడ గురువారం వచ్చిందంటే క్యాంటీన్లలో పసుపు బఠాణీల సూప్ పెడతారట. పంది మాంసం వేసి ఉడికించి, పైన ఆవముద్ద పెట్టుకుని తింటారు, తర్వాత అట్లు. శతాబ్దాల అలవాటు. మా అమ్మాయి మాంసం లేనిది అడిగి తింటుంది. ఒక గురువారం వీడియోలో గిన్నె వంచి చూపించింది. జారలేదు.

"నాయినా, చూడు, మన పప్పుచారే. చింతపండు ఒక్కటి మరిచిపోయినరు."

నెదర్లాండ్స్‌లో పచ్చబఠాణీ బద్దలతో చేసే సూప్‌లో అయితే చెంచా నిలబడాలంటారని కూడా చెప్పింది. చలిదేశపు రైతులు, పాలమూరు చెలక మీది మా అవ్వ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. అయినా చూడండి, చిక్కదనాన్ని కొలవడానికి ఒకరు చెంచా నిలబెట్టారు, ఒకరు రొట్టె పరిచారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోడ అవతలి మగ్గం, గరగరమన్న రాయి, రెండు చుట్ల పీలిక గుర్తొచ్చాయి.

కిందటి ఎండాకాలం ఊరికి పోయినప్పుడు రోడ్డు పక్కన దాణా కొట్టు ముందు ఆగాను. చెక్క బస్తాలు, తవుడు బస్తాలు, ఒక మూలకు మూతి విప్పిన కందినూక సంచి. పిడికెడు తీసి చూశాను. తునకలు, కొంచెం పొట్టు, కొంచెం దుమ్ము. నాలుగుసార్లు చెరిగి, నాలుగు నీళ్లు కడిగితే చాలు. రెండు కిలోలు ఇమ్మన్నాను.

కొట్టాయన నా ఇస్త్రీ చొక్కా వైపు, రోడ్డు మీద కారు వైపు చూసి అడిగాడు. "రెండు కిలోలేనా? బర్రెలెన్నున్నయి సారు?"

చారుకు అని చెప్పబోయి ఆగాను.

"ఒకటే" అన్నాను.

"పాడిదా?"

"పాడిదే."

ఆయన తక్కెడలో తూచి, సంచి కట్టబోతూ మళ్లీ విప్పాడు. చేయి నిండా రెండు పిడికిళ్లు తీసి పైన పోశాడు. "పాడి బర్రెకు ఇంత ఎక్కువ పెట్టాలె సారు, పైసలొద్దు" అన్నాడు.

నేను వద్దనలేదు.